లండన్ నుంచి గ్లాస్గో దాకా: ఓట్ల పటం పట్టుకుని రైలు ప్రయాణం

బయల్దేరే ముందు

బ్రిటన్ చూడ్డానికి వెళ్లేవాళ్ల జాబితాలో బేసిల్డన్, స్టోక్, ఈజింగ్టన్ లాంటి పేర్లు కనపడవు. అక్కడ రాజభవనాలు లేవు, ఫొటోలు దిగే వంతెనలు లేవు. కానీ ఆ దేశంలో ఎవరు గద్దెనెక్కాలో తేలేది ఇలాంటి ఊళ్లలోనే. మనిషి చేసే పని, ఉండే ఊరు రెండూ కలిసి ఓటుని ఎటు లాగుతాయో చూడాలంటే ఒక వారం, కొన్ని రైలు టికెట్లు చాలు. కాస్త లెక్క మాత్రం ముందే తెలిసి ఉండాలి.

పార్లమెంటులో 650 స్థానాలు. ఇంగ్లండ్‌కి 543, స్కాట్లండ్‌కి 57, వేల్స్‌కి 32, ఉత్తర ఐర్లండ్‌కి 18. పద్ధతి మనదే: ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచినట్టే. 2024 జూలై 4న, కార్మికుల పార్టీగా పుట్టిన లేబర్ 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు తెచ్చుకుంది. లిబరల్ డెమొక్రాట్లు 12.2 శాతంతో 72 సీట్లు గెలిస్తే, అంతకంటే ఎక్కువగా 14.3 శాతం వచ్చిన, వలసల్నీ ఐరోపా యూనియన్‌నీ వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీకి దక్కినవి 5. మొదటివాళ్ల ఓట్లు దక్షిణ ఇంగ్లండ్‌లో కొన్ని జిల్లాల్లో గుట్టగా ఉన్నాయి, రెండోవాళ్లవి దేశమంతా చల్లినట్టు ఉన్నాయి. ప్రాంతం అనేది భావోద్వేగం కావడానికి ముందు ఇలా లెక్కలోనే పనిచేస్తుంది.

తరగతి లెక్క 1950ల నాటి పత్రికా పాఠకుల సర్వే నుంచి వచ్చింది. పెద్ద ఉద్యోగాలు, మేనేజర్లు ఏ, బీ; గుమస్తా ఉద్యోగాలు సీ1; పనితనం ఉన్న కార్మికులు సీ2; మామూలు కూలి పనులు డీ; ప్రభుత్వ పింఛను మీదో భృతి మీదో బతికేవాళ్లు ఈ. మొదటి మూడూ మధ్య తరగతి, చివరి మూడూ శ్రామిక తరగతి. మన దగ్గర నియోజకవర్గం పేరు చెప్పగానే కులాల లెక్క తీసినట్టు, అక్కడ ఈ అక్షరాల లెక్క తీసేవారు. 1967లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు పీటర్ పుల్జర్, బ్రిటిష్ పార్టీ రాజకీయాలకు పునాది తరగతే, మిగతాదంతా పై అలంకారమేనని రాశారు. అప్పటికి అది నిజం.

ఎంత నిజమో కొలవడానికి తేలికైన పద్ధతి ఉంది. శ్రామికుల్లో లేబర్‌కి వేసినవాళ్ల శాతం లోంచి మధ్య తరగతిలో వేసినవాళ్ల శాతం తీసెయ్యాలి. 1964లో 64 లోంచి 22 తీస్తే 42. 2019లో యూగవ్ అనే సంస్థ సర్వే ప్రకారం రెండు తరగతుల్లోనూ 33 శాతమే, అంటే తేడా సున్నా. దీన్ని పట్టుకుని తరగతి చచ్చిపోయిందని చాలామంది తేల్చేశారు. అది తొందరపాటు. కాల్ సెంటర్లో నెల జీతానికి పనిచేస్తూ అద్దె గదిలో ఉండే కుర్రాడు సీ1, సొంత వ్యాను, సొంత ఇల్లు ఉన్న ప్లంబర్ సీ2. ఇద్దరిలో మధ్య తరగతి మనిషి కుర్రాడేనంటుంది ఆ పట్టిక. తప్పు పట్టికది. తరగతి ఇప్పుడు ఉద్యోగం పేరులో కంటే ఇంటి పత్రంలో, డిగ్రీలో, వయసులో కనిపిస్తుంది. అదే 2019 సర్వేలో డిగ్రీ ఉన్నవాళ్లలో లేబర్‌కి 43, కన్సర్వేటివ్‌లకి 29. పదో తరగతి స్థాయి చదువుతో ఆగినవాళ్లలో లేబర్‌కి 25, కన్సర్వేటివ్‌లకి 58.

ప్రయాణం సంగతి: దూరపు రైళ్ల టికెట్లు మామూలుగా 12 వారాల ముందు నుంచి అమ్ముతారు, ముందు కొంటే చవక. పని రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర లోపు ఎక్కే రైళ్లకి రేటు మండిపోతుంది. ఆదివారం పట్టాల మరమ్మతులుంటాయి, గంట ప్రయాణం మూడు గంటలై బస్సులో ముగియొచ్చు. అందుకే సోమవారం మొదలుపెట్టడం మంచిది.

మొదటి రోజు, సోమవారం: కెన్సింగ్టన్

లాటిమర్ రోడ్ స్టేషన్లో దిగితే లాంకాస్టర్ వెస్ట్ కౌన్సిల్ ఇళ్లు (స్థానిక కౌన్సిల్ అద్దెకిచ్చేవి), 2017 జూన్ 14న అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయిన గ్రెన్‌ఫెల్ టవర్ ఉన్న చోటు వస్తాయి. గోడల మీద పేర్లుంటాయి. అక్కడ సెల్ఫీలు వద్దు. దక్షిణంగా నడుస్తూ పోతే కాసేపటికే హాలండ్ పార్క్ తెల్ల భవనాలు. కౌన్సిల్ అద్దెదారులూ కోట్లకు పడగలెత్తినవాళ్లూ ఒకే ఎంపీని ఎన్నుకునే చోటు ఇది.

తరగతి సూత్రం ప్రకారం ఇది కన్సర్వేటివ్‌ల కంచుకోట. కానీ 2017లో, అగ్నిప్రమాదానికి ఆరు రోజుల ముందు జరిగిన ఎన్నికలో, ఓట్లను మళ్లీ మళ్లీ లెక్కపెట్టాక లేబర్ 20 ఓట్లతో గెలిచింది. దేశంలో ఆఖరుగా తేలిన ఫలితం అదే. 2019లో కన్సర్వేటివ్‌లు 150 ఓట్లతో తిరిగి పట్టుకున్నారు. 2024లో బేస్‌వాటర్‌ని కలిపిన కొత్త నియోజకవర్గం లేబర్‌కి వెళ్లింది.

కారణాలు రెండు. ఇక్కడి ధనికుల్లో చాలామందికి డబ్బుతో పాటు డిగ్రీలూ, ఐరోపాతో వ్యాపారాలూ ఉన్నాయి. ఐరోపా యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 రెఫరెండంలో ఈ బరో, అంటే ఈ లండన్ స్థానిక పాలనా ప్రాంతం, 68.7 శాతం ఉండాలనే ఓటేసింది. రెండోది, ఖరీదైన ఇళ్లలో ఉండేవాళ్లలో విదేశీ పౌరులెక్కువ, వాళ్లలో చాలామందికి ఓటు లేదు. వీధి చూసి ఓటు అంచనా వేసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 2019లో లేబర్ ఓడటానికి తరగతికి సంబంధం లేని కారణం ఒకటుంది: ఐరోపా అనుకూల ఓటులో 9 వేలకు పైగా లిబరల్ డెమొక్రాట్లు చీల్చారు.

మనవాళ్లకి ఇక్కడొక విషయం వింతగా ఉంటుంది. బూత్‌లవారీ ఫలితాలు దొరకవు. పెట్టెల్లోని కాగితాల సంఖ్య సరిచూశాక ఓట్లన్నీ కలిపేసి లెక్కపెడతారు. ఫలానా వీధి ఫలానా పార్టీకి వేసిందని ఎవరైనా చెబితే అది సర్వేల నుంచి తీసిన అంచనా, లేదా సరిచూసేటప్పుడు బల్ల దగ్గర నిలబడి పార్టీ ఏజెంట్లు గీసుకున్న గీతల లెక్క. ఫారం 20 తిరగేసి ఏ బూత్‌లో ఎన్ని ఓట్లో చెప్పగలిగే మన ఊరి నాయకుడికి అక్కడ చేతులు కట్టేసినట్టుంటుంది.

రెండో రోజు, మంగళవారం: బేసిల్డన్, క్లాక్టన్

ఫెన్‌చర్చ్ స్ట్రీట్ నుంచి బేసిల్డన్‌కి అరగంట దాటితే చాలు. 1949లో లండన్ ఈస్ట్ ఎండ్ జనాన్ని తరలించడానికి కట్టడం మొదలుపెట్టిన కొత్త పట్టణం. వరస ఇళ్లు, వాటి ముందు చిన్న తోటలు, మధ్యలో దుకాణాల కూడలి. తలుపులు చూస్తూ నడవండి. ఒకే వరసలో ఒక ఇంటి తలుపు పాతది, పక్కింటికి కొత్త తలుపు, కొత్త కిటికీలు, ముందు చిన్న వరండా. ఆ తేడా వెనక 1980 గృహ చట్టం ఉంది.

ఆ చట్టంతో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ అద్దెదారులకు తామున్న ఇల్లు కొనుక్కునే హక్కు ఇచ్చింది. మూడేళ్లు అద్దెకున్నవాళ్లకి మార్కెట్ ధరలో 33 శాతం తగ్గింపు, ఆపైన ఏడాదికి ఒక శాతం చొప్పున పెరిగి 20 ఏళ్లకి 50 శాతం. ఇంగ్లండ్‌లో ఇప్పటిదాకా దాదాపు 20 లక్షల ఇళ్లు ఇలా చేతులు మారాయి. ఉద్యోగం మారలేదు, ఫ్యాక్టరీ మారలేదు, యూనియన్ కార్డూ కొందరి జేబులో అలాగే ఉంది. ఇల్లు మాత్రం సొంతమైంది. వడ్డీ రేటు పెరిగితే భయం, ఇంటి ధర పెరిగితే సంతోషం మొదలయ్యాయి. సీ2 ఓటు కదిలింది ఇక్కడ.

1992 ఏప్రిల్‌లో సర్వేలు లేబర్‌కి మొగ్గు చూపాయి. రాత్రి పదకొండు దాటాక బేసిల్డన్ ఫలితం వచ్చింది: కన్సర్వేటివ్ డేవిడ్ ఏమెస్ 1,480 ఓట్లతో నిలబెట్టుకున్నారు. మిగతా దేశం ఎటు పోతుందో టీవీల ముందున్నవాళ్లకి అప్పుడే అర్థమైంది. 1997లో ఇదే ఊరు టోనీ బ్లెయిర్ లేబర్‌కి మళ్లింది. సొంతిల్లు వచ్చినంత మాత్రాన ఓటు శాశ్వతంగా ఒక పార్టీ సొత్తు అయిపోదు. ఖాళీగా నిలబడి బేరమాడే ఓటు అవుతుంది, అంతే.

2024లో ఈ ప్రాంతంలోని రెండు నియోజకవర్గాలూ చూడండి. బేసిల్డన్ అండ్ బిల్లెరికేలో కన్సర్వేటివ్ అభ్యర్థి 20 ఓట్లతో గెలిచారు, లేబర్ రెండో స్థానం. పక్కనే సౌత్ బేసిల్డన్ అండ్ ఈస్ట్ థరక్‌లో రిఫార్మ్ అభ్యర్థి 98 ఓట్లతో గెలిచారు, అక్కడా లేబరే రెండు. మూడు పార్టీలు మూడో వంతు చొప్పున పంచుకుంటే ఇరవై మంది బస్సు అందుకోలేకపోయినా ఎంపీ మారిపోతారు.

మధ్యాహ్నం లండన్ తిరిగొచ్చి లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే క్లాక్టన్. అప్పట్లో ఈస్ట్ ఎండ్ కుటుంబాలు సెలవులకి వచ్చిన సముద్రతీరం, తర్వాత రిటైరై స్థిరపడిన చోటు. పక్కనే ఉన్న జేవిక్‌లో 1930లలో వేసవి విడిదికి కట్టిన చెక్క ఇళ్లలో ఇప్పుడు ఏడాదంతా కాపురాలున్నాయి. ఇంగ్లండ్ లేమి సూచికలో 2010, 2015, 2019 మూడుసార్లూ అట్టడుగున నిలిచిన ప్రాంతం ఇదే. క్లాక్టన్ ఉన్న టెండ్రింగ్ జిల్లా 2016లో 69.5 శాతం ఐరోపా వద్దంది. 2019లో కన్సర్వేటివ్ మెజారిటీ 24,702. 2024లో నైజెల్ ఫరాజ్ రిఫార్మ్ పేరుతో దాన్ని తిరగేసి 8,405 ఓట్లతో గెలిచారు.

పేదలు కాబట్టి ఇలా వేశారని చెప్పడం సగం నిజం. ఇంతే పేదరికం ఉన్న లివర్‌పూల్ ఇలా వెయ్యలేదు. ఆ ఊరు శుక్రవారం వస్తుంది.

మూడో రోజు, బుధవారం: ఏమర్‌షమ్, దారిలో హారో

మెట్రోపాలిటన్ లైన్ చివరిదాకా వెళ్తే ఏమర్‌షమ్. చిల్టర్న్ కొండలు, పాత ఇటుక ఇళ్లు, పెద్ద తోటలు. 1974లో నియోజకవర్గం ఏర్పడ్డప్పటి నుంచి కన్సర్వేటివ్‌లదే, 2019లో 16 వేల పైచిలుకు మెజారిటీ. 2021 జూన్ ఉప ఎన్నికలో లిబరల్ డెమొక్రాట్ సారా గ్రీన్ 8,028 ఓట్లతో గెలిచారు. హెచ్‌ఎస్2 అనే కొత్త వేగపు రైలు మార్గం సొరంగం, పచ్చని పొలాల్లో ఇళ్లు కట్టనిచ్చే ప్రణాళిక చట్టం ప్రతిపాదన మీద కోపం పైకి కనిపించిన కారణాలు. అడుగున ఉన్నది డిగ్రీ, ఐరోపా. 2024లో డేవిడ్ కామెరాన్ పాత నియోజకవర్గం విట్నీ, థెరిసా మే పాత నియోజకవర్గం మెయిడెన్‌హెడ్ కూడా ఇలాగే లిబరల్ డెమొక్రాట్ల పరమయ్యాయి. ఈ ఊళ్ల జీతాలు తగ్గలేదు, తరగతి మారలేదు, పార్టీ మారింది.

ఇక్కడ లేబర్‌కి ఎప్పుడూ ఓట్లుంటాయి, కానీ వేస్తే వృథా అని లేబర్ ఓటర్లకే తెలుసు. లిబరల్ డెమొక్రాట్ల కరపత్రంలో తప్పకుండా ఒక బార్ చార్ట్ ఉంటుంది, 'ఇక్కడ లేబర్ గెలవలేదు' అన్న మాటతో. గీతల ఎత్తుకీ అసలు అంకెలకీ పొంతన లేకపోవడం ఆ పార్టీ మీద పాత జోకు. అయినా పనిచేస్తుంది.

తిరుగు దారిలో హారో. హారో ఈస్ట్‌లో స్టాన్‌మోర్, కెంటన్ వైపు గుజరాతీ హిందూ కుటుంబాలెక్కువ. 2024లో దేశమంతా కుప్పకూలిన కన్సర్వేటివ్ పార్టీకి సగానికి పైగా ఓట్లు వచ్చిన నియోజకవర్గం ఇదొక్కటే. అంటే పని, ఊరు కాక ఓటుని లాగే మూడో తాడు కూడా ఉంది: మతం, వలస వచ్చిన దారి. దాన్ని రేపు చూడొచ్చు. సాయంత్రం సెయింట్ పాంక్రస్ నుంచి లెస్టర్‌కి గంట పైచిలుకు.

నాలుగో రోజు, గురువారం: లెస్టర్, స్టోక్

1972లో ఉగాండా నుంచి ఈదీ అమీన్ వెళ్లగొట్టిన ఆసియావాసులు లెస్టర్ రావద్దని ఇక్కడి కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన వేసింది. వాళ్లు ఇక్కడికే వచ్చారు. బెల్‌గ్రేవ్ రోడ్డు మీద చీరల దుకాణాలూ నగల దుకాణాలూ ఆ కుటుంబాల చేతి పనే. హోజరీ ఫ్యాక్టరీల్లో కూలి పని చేసిన తరం లేబర్‌కి వేసింది: ఒకటి శ్రామికులు కావడం, రెండు వలసదారుల పక్షాన నిలబడిన పార్టీ అదే కావడం. వాళ్ల పిల్లలు ఫార్మసీలూ అకౌంటెన్సీ ఆఫీసులూ పెట్టుకున్నాక మొదటి కారణం పోయింది, రెండోది పలచబడింది. 2024లో లెస్టర్ ఈస్ట్ కన్సర్వేటివ్ శివానీ రాజా చేతికి వచ్చింది. దేశం మొత్తం మీద ఆ ఎన్నికలో కన్సర్వేటివ్‌లు కొత్తగా గెలిచిన సీటు అదొక్కటే. మాజీ లేబర్ ఎంపీలు ఇద్దరు బరిలో దిగి ఓట్లు చీల్చడం కూడా కలిసొచ్చింది. పక్క నియోజకవర్గం లెస్టర్ సౌత్‌లో గాజా యుద్ధం మీద కోపంతో ముస్లిం ఓటు స్వతంత్ర అభ్యర్థి షాకత్ ఆడమ్‌కి వెళ్లి, లేబర్ ముఖ్యుడు జొనాథన్ ఆష్‌వర్త్ ఓడారు. ఒకే ఊరు, పక్కపక్క వీధులు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకి పనికొచ్చే మాట ఇక్కడే చెప్పుకోవాలి. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చట్టబద్ధమైన వీసాతో అక్కడ నివసించే భారత పౌరులు 18 ఏళ్లు నిండితే పార్లమెంటు ఎన్నికలో ఓటెయ్యొచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే, బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. చాలామందికి ఇది తెలియకే పేరు నమోదు చేసుకోరు. పోలింగ్‌కి 12 పని దినాల ముందు ఆన్‌లైన్‌లో నమోదు ముగియాలి. పోలింగ్ గురువారం, ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. ఫొటో గుర్తింపు తప్పనిసరి: భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది, గడువు తీరినా ఫొటోలో మనిషి గుర్తుపట్టేలా ఉంటే చాలు. యూనివర్సిటీ ఐడీ చెల్లదు. వృద్ధుల బస్ పాస్ మాత్రం చెల్లుతుంది. ఇది ఎవరికి లాభమో ఆలోచించుకోండి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు ఒకటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకేచోట ఉంటుంది, ఓటర్ల జాబితాలో పొడి అక్షరాలతో ఎక్కించి ఉంటారు. నమోదు చేసేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తే పోలింగ్ రోజు బల్ల దగ్గర వాదన ఉండదు. లోపల ఈవీఎం లేదు, వేలికి సిరా లేదు; కాగితం, పెన్సిలు, గళ్లో ఒక ఇంటూ గుర్తు. బయట పార్టీ రిబ్బను పువ్వు పెట్టుకుని నిలబడి మీ నంబరు అడిగేవాళ్లు ఎన్నికల సిబ్బంది కారు. తమ ఓటర్లలో ఇంకా రానివాళ్లెవరో తెలుసుకునే కార్యకర్తలు. చెప్పాల్సిన పని లేదు.

మధ్యాహ్నం డర్బీలో రైలు మారి స్టోక్ ఆన్ ట్రెంట్. ఆరు పట్టణాలు కలిసిన పింగాణీ నగరం. బర్స్‌లెమ్‌లో అడుగున లావుగా సీసాల్లా ఉండే ఇటుక బట్టీలు కొన్ని మిగిలాయి. ఐరోపా వద్దని 69.4 శాతం. 2017 ఫిబ్రవరిలో ఐరోపా వ్యతిరేక పార్టీ యూకిప్ నాయకుడు పాల్ నటాల్ స్వయంగా స్టోక్ సెంట్రల్ ఉప ఎన్నికలో దిగి ఓడారు. అమ్మయ్య అనుకున్న లేబర్ అదే ఏడాది జూన్‌లో ఒక సీటు, 2019లో మిగతా రెండూ కన్సర్వేటివ్‌లకి పోగొట్టుకుంది, 2024లో మూడూ తిరిగి తెచ్చుకుంది. ఆ 2024 పోటీలో స్టోక్ సెంట్రల్ కన్సర్వేటివ్ అభ్యర్థి, అంతకుముందు నగర లార్డ్ మేయర్‌గా చేసిన మన తెలుగు డాక్టరు చంద్ర కన్నెగంటి. శ్రామిక ఊళ్లో డాక్టరు కన్సర్వేటివ్ తరఫున; అదే ఏడాది నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో తెలంగాణ బిడ్డ ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున. ఇద్దరూ ఓడారు. అక్షరాల పట్టికతో ఇద్దరిలో ఎవరి పార్టీనీ ఊహించలేం.

ఐదో రోజు, శుక్రవారం: లివర్‌పూల్, రంకార్న్

ఈ యాత్రలో ఒక్కరోజే కుదిరితే లివర్‌పూల్ చూడండి. స్టోక్‌లో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి: పోయిన పరిశ్రమ, పేదరికం, తెల్లజాతి శ్రామికులు. ఓటు మాత్రం పూర్తిగా వేరు. 2017లో లివర్‌పూల్ వాల్టన్‌లో లేబర్‌కి 85.7 శాతం. ఐరోపా రెఫరెండంలో నగరం 58.2 శాతం ఉండాలనే చెప్పింది. లేబర్ కూలిపోయిన 2019లో కూడా ఇక్కడ గోడ కదల్లేదు.

లేబర్ రంగు ఎరుపు; ఈ ఊరు పుట్టుకతో ఎర్ర ఊరేమీ కాదు. 1959లో నగరంలోని 9 సీట్లలో 6 కన్సర్వేటివ్‌లవే, వాల్టన్‌తో సహా. రేవు కూలీల్లో ప్రొటెస్టెంట్లు ఆరెంజ్ లాడ్జిలనే తమ మత సంఘాలతో పాటు కన్సర్వేటివ్‌లకి వేసేవారు. ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్కులు మొదట ఐరిష్ జాతీయవాదులకి, తర్వాత లేబర్‌కి. స్కాట్లండ్ రోడ్ ప్రాంతం 1885 నుంచి 1929 దాకా టీ.పీ. ఓకానర్ అనే ఐరిష్ జాతీయవాదిని వెస్ట్‌మినిస్టర్‌కి, అంటే లండన్ పార్లమెంటుకి పంపింది. ఒకే రేవు, ఒకే కూలి, చర్చిని బట్టి ఓటు. పాత వాడల్ని కూల్చి జనాన్ని శివార్లకు తరలించాక చర్చి పట్టు సడలింది. తర్వాత నగరం దక్షిణాన ఉన్న రేవులు మూతపడ్డాయి, 1981లో టాక్స్‌టెత్ అల్లర్లు జరిగాయి. నగరాన్ని నెమ్మదిగా క్షీణించనివ్వాలన్న ఆలోచనని ఆర్థికమంత్రి జెఫ్రీ హౌ థాచర్ ముందు పెట్టినట్టు 30 ఏళ్ల తర్వాత విడుదలైన కాగితాల్లో బయటపడింది. థాచర్ ఘనవిజయం సాధించిన 1983 నుంచి నగరంలో ఒక్క కన్సర్వేటివ్ ఎంపీ కూడా లేరు.

1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో చివరికి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. నింద అభిమానుల మీదే మోపిన సన్ పత్రికని ఊరు కొనడం మానేసింది. ఇప్పటికీ చాలా దుకాణాల్లో దొరకదు. శ్రామిక పాఠకులు ఎక్కువగా చదివే ఆ పత్రిక ఏళ్ల తరబడి ఐరోపా మీద విరుచుకుపడింది. అది చేరని ఇళ్లలో ఐరోపా వ్యతిరేకత తగ్గిందని తర్వాత ఒక పరిశోధనలో తేలింది. స్టోక్‌లో ఆ పత్రిక మామూలుగానే అమ్ముడైంది. ఒక ఊరికి జరిగిన అవమానం తరగతి కంటే లోతుగా దిగితే ఇలా ఉంటుంది.

సాయంత్రం ఇరవై నిమిషాల రైల్లో రంకార్న్ వెళ్లండి. 1964 నుంచి లివర్‌పూల్ జనాన్ని తరలించి కట్టిన కొత్త పట్టణం. పక్కనే ఫ్రాడ్‌షమ్, హెల్స్‌బీ లాంటి స్థితిమంతుల ఊళ్లు, అన్నీ కలిపి ఒక నియోజకవర్గం. 2024లో లేబర్ మెజారిటీ 14,696. 2025 మే 1 ఉప ఎన్నికలో రిఫార్మ్ 6 ఓట్లతో గెలిచింది. తాతలది లివర్‌పూలే అయినా, మెర్సీ నది మీదుగా పదిహేను మైళ్లు వచ్చేసరికి ఊరి పట్టు సడలిపోయింది.

ఆరో రోజు, శనివారం: డర్హం, ఈజింగ్టన్

లివర్‌పూల్ నుంచి పెనైన్ కొండలు దాటి డర్హంకి దాదాపు మూడు గంటలు. జూలై రెండో శనివారం పడేలా చూసుకుంటే గని కార్మికుల గాలా చూడొచ్చు: 1871 నుంచి జరుగుతున్న ఊరేగింపు, ఒక్కో గనికి ఒక్కో పట్టు బ్యానరు, వెనక బ్రాస్ బ్యాండు. ఆ రోజు హోటల్ గది దొరకడం కష్టం, నెలల ముందు తీసుకోవాలి. మిగతా రోజుల్లో రెడ్‌హిల్స్ భవనం చూడండి, గనివాళ్ల పార్లమెంటు అంటారు.

ఈజింగ్టన్ కాలియరీకి డర్హం నుంచి బస్సులో వెళ్లాలి, లేదా న్యూకాసిల్ వెళ్లి తీరం లైన్లో హోర్డెన్‌లో దిగాలి. 2020లో తెరిచిన స్టేషన్ అది. గని 1993లో మూతపడింది. 1951 పేలుడులో 83 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది సమాధులు శ్మశానంలో ఒకేచోట ఉన్నాయి. 1997లో ఇక్కడ లేబర్‌కి 80.2 శాతం, మెజారిటీ 30,012. ఆ ఓటు వెనక ఉన్నది పేదరికం కాదు, ఏర్పాటు. ఉద్యోగం గనిలో, ఇల్లు గనిది, క్లబ్బు యూనియన్‌ది, డాక్టరు ఖర్చుకి కూడా జీతంలోంచి కోత పెట్టుకుని నడిపిన సంఘం. పక్కింటివాడు లేబర్‌కి వెయ్యకపోతే తెలిసిపోయే ఊరు. గని మూతపడ్డాక జీతంతో పాటు ఆ ఏర్పాటూ పోయింది. చదువుకున్న పిల్లలు న్యూకాసిల్, లీడ్స్ వెళ్లిపోయారు, మిగిలినవాళ్ల సగటు వయసు పెరిగింది. ఓట్లు మొదట పార్టీ మారలేదు, ఇంట్లో ఉండిపోయాయి. 2024లో ఇక్కడ ఓటేసినవాళ్లు దాదాపు సగం మందే. తర్వాతే మారాయి.

పక్కనున్న సెడ్జ్‌ఫీల్డ్ ఒకప్పటి ప్రధాని బ్లెయిర్ నియోజకవర్గం, 1997 మెజారిటీ 25,143. 2019లో కన్సర్వేటివ్ గెలిచారు, 4,513 ఓట్లతో. గెలిచాక బోరిస్ జాన్సన్ మొదట వచ్చింది సెడ్జ్‌ఫీల్డ్‌కే. ఇలా కూలిన సీట్లకి ఎర్రగోడ అన్న పేరు విశ్లేషకుడు జేమ్స్ కనగసూరియం పెట్టింది. 1919లో దేశంలో మొదటిసారి లేబర్ గెలిచిన కౌంటీ కౌన్సిల్ డర్హం. 2025 మేలో ఆ కౌన్సిల్‌లో 98కి రిఫార్మ్ 65, లేబర్ 4.

2024లో లేబర్ ఈ సీట్లు తిరిగి గెలిచింది కదా అనొచ్చు. స్వింగ్ లెక్క వేసేవాళ్లు పొరబడేది ఇక్కడే. ఒక పార్టీ నష్టం, ఇంకో పార్టీ లాభం కలిపి రెండుతో భాగిస్తే స్వింగ్. కన్సర్వేటివ్ 43.6 నుంచి 23.7కి, లేబర్ 32.1 నుంచి 33.7కి: (19.9 + 1.6) ÷ 2, అంటే 10.75. వినడానికి పదిమందిలో ఒకరు ఇటు నుంచి అటు వచ్చినట్టుంది. నిజానికి లేబర్‌కి పెరిగింది 1.6. కన్సర్వేటివ్ ఓటు రిఫార్మ్‌కి చీలితే మధ్యలోంచి లేబర్ బయటపడింది. పైగా 2024లో సరిహద్దులు మారాయి, నియోజకవర్గానికి ఓటర్లు 69,724 నుంచి 77,062 మధ్య ఉండాలన్న నిబంధనతో. పాత సెడ్జ్‌ఫీల్డ్ అనే సీటే ఇప్పుడు లేదు. 2019 అంకెని 2024 అంకెతో పోల్చేముందు అది అసలు ఫలితమా, కొత్త సరిహద్దులకి సర్దిన అంచనా ఫలితమా చూసుకోవాలి.

వేల్స్ ఈ దారిలో లేదు కానీ ఈజింగ్టన్ పక్కన పెట్టి చూడాల్సిన ఊరు అక్కడ ఒకటుంది. కేర్‌ఫిలీ కూడా బొగ్గు లోయే, వందేళ్లు లేబర్‌దే. 2025 అక్టోబరులో వేల్స్ పార్లమెంటు ఉప ఎన్నికలో లేబర్ 11 శాతానికి పడిపోయింది. అయితే గెలిచింది రిఫార్మ్ కాదు, వేల్స్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రీ. డర్హంలో లేబర్‌ని వదిలిన ఓటుకి అలాంటి స్థానిక పార్టీ లేదు.

ఏడో రోజు, ఆదివారం: గ్లాస్గో

డర్హం నుంచి ఎడిన్‌బరా మీదుగా. ఆదివారం కాబట్టి ముందురోజు రాత్రే రైళ్ల సమయాలు చూసుకోవాలి. గోవన్‌లో దిగి క్లైడ్ నది ఒడ్డున నడిస్తే నౌకా నిర్మాణ కేంద్రాల్లో ఇంకా పనిచేస్తున్నది కనిపిస్తుంది.

1955లో స్కాట్లండ్ ఓట్లలో సగం, 50.1 శాతం, కన్సర్వేటివ్‌ల మిత్రపక్షమైన యూనియనిస్టులవి. ప్రొటెస్టెంట్ కార్మికుల ఓటు లేకుండా అది సాధ్యం కాదు, కథ లివర్‌పూల్‌దే. 1997కి స్కాట్లండ్‌లో కన్సర్వేటివ్ ఎంపీ ఒక్కరూ లేరు. గ్లాస్గో అప్పటికి పూర్తిగా లేబర్. 2014 సెప్టెంబరు 18న స్వాతంత్ర్య రెఫరెండంలో దేశం 55.3 శాతం వద్దంటే గ్లాస్గో 53.5 శాతం కావాలంది. వద్దన్న ప్రచారంలో లేబర్ కన్సర్వేటివ్‌లతో ఒకే వేదికెక్కింది. అదే కొంప ముంచింది. ఎనిమిది నెలలు తిరక్కుండా 2015 ఎన్నికలో నగరంలోని ఏడు సీట్లూ స్కాటిష్ నేషనల్ పార్టీవి; గ్లాస్గో నార్త్ ఈస్ట్‌లో స్వింగ్ 39 శాతం. మొత్తం 59లో 56 ఆ పార్టీకే. లేబర్‌కి మిగిలింది ఒక్కటి, అదీ ఎడిన్‌బరా మధ్య తరగతి పేటల్లో.

ఇంగ్లండ్‌లో లేబర్‌ని వదిలిన శ్రామిక ఓటు కుడికి పోయింది, ఇక్కడ అదే ఓటు లేబర్‌కి ఎడమ పక్కనున్నట్టు మాట్లాడే జాతీయ పార్టీకి పోయింది. డర్హంలోనూ గ్లాస్గోలోనూ ఫిర్యాదు ఒకటే, లండన్ మమ్మల్ని పట్టించుకోదని. 2024లో గ్లాస్గో ఆరు సీట్లూ మళ్లీ లేబర్‌కి వచ్చాయి, స్కాట్లండ్ మొత్తం మీద 37. నేషనల్ పార్టీకి 9.

ఎడిన్‌బరాలోని స్కాట్లండ్ పార్లమెంటు ఎన్నికకి నిబంధనలు వేరు. 16 ఏళ్లకే ఓటు, ఫొటో గుర్తింపు అక్కర్లేదు, రెండు ఓట్లు: ఒకటి నియోజకవర్గానికి, రెండోది ప్రాంతీయ జాబితాకి. నియోజకవర్గాల్లో తక్కువ గెలిచిన పార్టీకి జాబితాలో సీట్లు కలుపుతారు. అందుకే వెస్ట్‌మినిస్టర్ ఎన్నికలో ఓటు వృథా అవుతుందని సర్దుకునే ఓటరు, ఇక్కడ అదే ఏడాదిలో అయినా ఒక చేత్తో ఒక పార్టీకి, రెండో చేత్తో ఇంకో పార్టీకి వేస్తాడు. రెండు రకాల ఫలితాల్ని ఒకే పట్టికలో పెట్టి తరగతి గురించి తీర్పు చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు.